గ్వాష్ రంగులతో రెండున్నరేళ్లు

మా ఇంటి వసారా అంతా కడప బండలే. పొద్దున నీళ్లు పోసి కడిగితే నల్లగా నిగనిగలాడతాయి. కాసేపటికి ఎండ తగిలి ఆరిపోగానే బూడిద రంగుకు వచ్చేస్తాయి. చిన్నప్పటి నుంచి రోజూ చూస్తున్నదే. బొమ్మలు వేసుకోవడానికి గ్వాష్ రంగులు కొన్నాక మాత్రం ఆ బండల్ని ఆగి మరీ చూడటం మొదలుపెట్టాను. గ్వాష్‌లో నలుపు కూడా అచ్చం అలాగే చేస్తుంది.

నేను కడపలో ఒక స్కూల్లో లెక్కలు చెప్తాను. బొమ్మలు వేసుకునేది సాయంత్రాలు, ఆదివారాలు. అంతకుముందు ఆరేళ్లు వాటర్ కలర్స్ వాడాను. రెండున్నరేళ్ల కిందట 24 రంగుల గ్వాష్ సెట్టు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. చిన్న చిన్న కప్పుల్లో, పైన సీలు వేసి, రంగు మెత్తగా జెల్లీలా ఉంటుంది. ఏడాది తర్వాత మెల్లగా విడి ట్యూబులకు మారాను. రెండూ బాగా వాడాకే ఇది రాస్తున్నాను.

గ్వాష్ కూడా నీళ్లతో కలుపుకునే రంగే. జిగురు కూడా వాటర్ కలర్‌లో ఉండేదే, తుమ్మజాతి చెట్ల నుంచి వచ్చే బంక. తేడా ఏంటంటే ఇందులో రంగుపొడి వంతు ఎక్కువ. కొన్ని కంపెనీలు సుద్దలాంటి తెల్లపొడి కూడా కలుపుతాయి. అందుకే కింద ఏముందో కనపడకుండా కప్పేస్తుంది. మన తోలుబొమ్మలకు వేసే రంగులోంచి దీపం వెలుగు ఇవతలికి దాటి రావాలి, అక్కడ ఆ పారదర్శకతే ప్రాణం. గ్వాష్ దానికి పూర్తిగా ఎదురు. వెలుగును పైపొర మీదే ఆపి వెనక్కి పంపుతుంది. వాటర్ కలర్‌లో తెలుపు కావాలంటే కాగితాన్ని ముందే వదిలిపెట్టుకోవాలి. ఇక్కడ గోపురం మీద పడ్డ ఎండ మెరుపును అన్నీ అయ్యాక చివర్లో పెట్టుకోవచ్చు. ఆ స్వేచ్ఛ కోసమే నేను ఇటు వచ్చాను.

మొదటి బొమ్మ దేవుని కడప చెరువు, మునిమాపు వేళ. ఆకాశం రంగు కళ్లకు కనిపించినట్టే కలిపాను, నీడలు కూడా అంతే. తడిగా ఉన్నంతసేపూ చాలా బాగుంది. ఆరాక చూస్తే లేత ఆకాశం ఒక మెట్టు ముదిరింది, ముదురు నీడలు ఒక మెట్టు తేలాయి. వెలుగుకూ నీడకూ మధ్య ఉండాల్సిన దూరం తగ్గిపోయి బొమ్మంతా పొగమంచులో ఉన్నట్టయింది. మా మేనమామ ఒకప్పుడు గుడ్డ బ్యానర్లు, షాపుల బోర్డులు రాసేవాడు, ఫ్లెక్సీలు వచ్చాక మానేశాడు. ఆ బొమ్మ చూసి ఒకటే మాట అన్నాడు: "తడి మీద రంగు సూసి నమ్మొద్దు అల్లుడూ. తడిగా ఉన్నప్పుడు ఏ రంగైనా బాగానే ఉంటాది."

గ్వాష్ గురించి నేను నేర్చుకున్నదాంట్లో సగం ఆ మాటలోనే ఉంది. ఆరిన గ్వాష్ పైభాగం సన్నగా గరుగ్గా ఉంటుంది. దాని మీద పడ్డ వెలుగు అన్ని వైపులకూ చెదురుతుంది, కాబట్టి నలుపు మీద తెల్లటి తెర కప్పినట్టు కనిపిస్తుంది. తడిగా ఉన్నప్పుడు నీటిపొర ఆ గరుకును నున్నగా చేస్తుంది. మా వసారా బండకూ ఇదే కారణం. తెలుపు ఎక్కువ కలిసిన లేతరంగులు మాత్రం ఆరేకొద్దీ కొంచెం ముదురుతాయి. ఇంటికి సున్నం కొట్టేటప్పుడు తడిగా మసకగా ఉండి, ఆరాక తెల్లగా తేలుతుంది కదా, ఇది దానికి తలకిందులు. అందుకని ఇప్పుడు ప్రతి మిశ్రమాన్నీ ముందు ఒక చిత్తు ముక్క మీద రాసి, ఫ్యాను కింద రెండు నిమిషాలు పెట్టి, ఆరాకే బొమ్మ మీద వేస్తాను. ఒక నోటుపుస్తకంలో ప్రతి రంగునూ మూడు గళ్లలో వేసి ఉంచుకున్నాను: చిక్కగా ఒకటి, నీళ్లతో పలచన చేసి ఒకటి, తెలుపు కలిపి ఒకటి. ఆ పుస్తకం నింపడానికి దాదాపు నెల పట్టింది. గ్వాష్ మొదలుపెట్టే ఎవరికైనా నేను ముందు చెప్పే పని అదే. రంగుల డబ్బా మీది ముద్రణను మాత్రం నమ్మకండి.

తెలుపు సంగతి విడిగా చెప్పాలి. గండికోట లోయ బొమ్మ నాలుగుసార్లు వేశాను. జమ్మలమడుగు దాటి వెళ్లి, పెన్న పక్కన కోట అంచున కూర్చుంటే సాయంత్రం ఎండకు ఆ బండలు నిప్పుకణికల్లా ఉంటాయి. ఎండ పడ్డ చోట్ల కోసం ఎరుపులో తెలుపు కలిపాను. వచ్చింది గులాబీ రంగు, చల్లగా, సుద్ద కలిసినట్టు. రాయి వేడి మొత్తం పోయింది. తెలుపు ఏ రంగునైనా లేత చేయడమే కాదు, దాన్ని నీలం వైపు లాగుతుంది, సారం కూడా తగ్గిస్తుంది. మూడోసారికి దారి దొరికింది. ఎరుపును లేత చేయాలంటే ముందు ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) వైపు, నారింజ వైపు తీసుకెళ్లి, ఆ తర్వాతే చిటికెడు తెలుపు కలపాలి. నీడల్లో నలుపు వద్దు. అల్ట్రామెరైన్ నీలం, బర్న్ట్ సియన్నా (ఎర్రమట్టి లాంటి గోధుమ రంగు) కలిపితే వచ్చే ముదురు రంగు ట్యూబు నలుపు కంటే ఎంతో బతికి ఉంటుంది. కడప బండ బూడిద రంగు కూడా నాకు ఆ రెంటిలోనే దొరికింది. అయితే నలుపు ట్యూబును పారేయాల్సిన పని లేదు. పసుపులో కాస్త నలుపు వేస్తే వచ్చే ఆకుపచ్చ, దుమ్ము పట్టిన చింతచెట్టుకు అంతకంటే సరిపోయేది లేదు.

పొర మీద పొర వేయడం దగ్గర ఓపిక పడుతుంది. ఆరిన గ్వాష్ మీద నీళ్లు పడితే మళ్లీ కరుగుతుంది. కింద ముదురు ఆకుపచ్చ ఉండి, పైన లేత పసుపు వేస్తూ బ్రష్షును రెండుసార్లు అటూ ఇటూ తిప్పితే రెండూ కలిసి బురదైపోతాయి. మొదటి పొర మజ్జిగలా, పైపొర దోసె పిండిలా ఉండాలి, ఒక్క గీతలో వేసి బ్రష్షు ఎత్తేయాలి. మరీ మందంగా వేస్తే ఆరాక పగుళ్లిస్తుంది. ఈ కరిగే గుణం వల్లే మేలూ ఉంది. మేఘాల అంచుల్ని మర్నాడు కూడా తడి బ్రష్షుతో మెత్తబరచుకోవచ్చు. అస్సలు కరగకూడదంటే యాక్రిలిక్ గ్వాష్ అని వేరే రకం ఉంది. నాకు కరిగేదే ఇష్టం.

నా సెట్టులో నాకు బాధ మిగిల్చింది ఒకే రంగు, మెరిసే ముదురు గులాబీ. దాని మీద తెలుపు ఎన్నిసార్లు వేసినా కిందినుంచి ఊరుతూనే ఉండేది. అది చాలదన్నట్టు, ఆ రంగుతో వేసిన కాగితపు పూల బొమ్మను కిటికీ పక్కన పెడితే ఒక్క వేసవికి సగం వెలిసిపోయింది. అప్పటి నుంచి ఏ రంగు కొన్నా ఒక గీత గీసి, సగానికి అట్టముక్క అంటించి, రెండు నెలలు కిటికీకి పెట్టి చూస్తున్నాను. కడప ఎండకు తట్టుకుంటే ఎక్కడైనా తట్టుకుంటుంది. ట్యూబు మీద రంగుపొడి కోడు ఉంటే ఇంకా మంచిది. పి.బి.29 అంటే అల్ట్రామెరైన్, పి.డబ్ల్యూ.6 అంటే టైటానియం తెలుపు. ఈ రెండూ గట్టివి. కోడు వేయని సెట్లు సాధనకు సరే, ఎవరికైనా ఇచ్చే బొమ్మకు వద్దు.

మన ఊరి వేడి ఇంకో పరీక్ష. మే నెలలో రంగులు కలుపుకునే పాలెట్ మీద రంగు పది నిమిషాలు కూడా ఆగదు. మూత ఉన్న టిఫిన్ డబ్బాలో తడి గుడ్డ పరిచి, దాని మీద బటర్ పేపరు వేసి రంగులు పెట్టుకుంటున్నాను. సాయంత్రమంతా మెత్తగానే ఉంటాయి. కప్పుల్లో రంగు రెండో వేసవికి నెర్రెలిచ్చింది. నీళ్లు చిలకరించి, ఒక్క చుక్క గ్లిజరిన్ వేసి కలిపితే మళ్లీ తేరుకుంది. గ్లిజరిన్ ఎక్కువైతే రంగు ఆరకుండా జిగటగా ఉండిపోతుంది, జాగ్రత్త.

ఖర్చుకు వెనకాడేవాళ్లు మా కడప వై.వి. స్ట్రీట్ స్టేషనరీ షాపుల్లో దొరికే పోస్టర్ కలర్స్‌తో మొదలుపెట్టవచ్చు. అవీ ఈ కుటుంబానివే. స్కూలు పిల్లల రంగులని చిన్నచూపు చూడొద్దు. జపాన్‌లో స్టూడియో ఘిబ్లీ అనే సంస్థ యానిమేషన్ సినిమాలకు చేత్తో వేసిన నేపథ్య చిత్రాలు చాలావరకు పోస్టర్ కలర్స్‌తో వేసినవే. ఆరాక రంగు మారే తీరు కూడా ఇలాగే ఉంటుంది కాబట్టి నేర్చుకున్నది వృథా పోదు. డబ్బులు మిగిలితే కాగితం మీద పెట్టండి. 300 జి.ఎస్.ఎం. (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) కంటే పలచనిది వంకర్లు పోతుంది.

పూర్తయిన బొమ్మకు నీటిచుక్క పడితే మచ్చే, వేలు రుద్దితే గీతే. వార్నిష్ వేస్తే ఆ మెత్తటి పొడి అందం పోయి రంగులన్నీ ముదిరిపోతాయి. అద్దం ఫ్రేము ఒక్కటే మార్గం. ఫ్రేము కట్టకముందే ఫోనుతో ఫొటో తీస్తే మాత్రం ఎక్కడా మెరుపు కొట్టదు, రంగు దాదాపు ఉన్నదున్నట్టు వస్తుంది.

24 కప్పుల్లో ఇప్పుడు తొమ్మిది అలాగే ఉన్నాయి, మిగతావి అడుగంటాయి. మళ్లీ సెట్టు కొనను. టైటానియం తెలుపు, నిమ్మపసుపు, ఎల్లో ఓకర్, ఒక వెచ్చని ఎరుపు, అల్ట్రామెరైన్, బర్న్ట్ సియన్నా, ఈ ఆరు ట్యూబులతో నాకు గండికోటా వస్తుంది, పొద్దుగూకే వేళ పాలకొండల నీలమూ వస్తుంది. మిగతా ఐదూ ఏడాది దాటి వస్తున్నాయి. తెలుపు మాత్రం రెండు నెలలకే అయిపోతోంది. నిన్ననే పెద్ద ట్యూబుకు ఆర్డర్ పెట్టాను.