యాక్సెస్ ఏసీసీడీఈ: పదిహేనేళ్లు వాడాక నా మాట

గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాసి అమ్ముకుంటాను. అంతా మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ ప్రోగ్రాంలోనే. 2010 నుంచి క్లయింట్ చేతికి వెళ్లిన ప్రతి కాపీ ఏసీసీడీఈ ఫైలే, అంటే కోడ్ బయటికి కనిపించకుండా మూసేసిన యాక్సెస్ ఫైలు. యాక్సెస్ 97లో ఎండీఈ అనేవాళ్లు, 2007లో ఫార్మాట్ మారాక ఈ పేరొచ్చింది. కోడ్ ఎవరూ ఎత్తుకుపోకుండా ఇది సరిపోతుందా అని చాలామంది అడుగుతుంటారు. కోడ్ వరకూ సరిపోతుంది, కానీ మన ప్రోగ్రాం అంటే కోడ్ ఒక్కటే కాదు, అక్కడే నేను దెబ్బతిన్నాను.

ముందు మంచి చెప్తా. ఏసీసీడీఈ చేస్తే విబిఏ (యాక్సెస్‌లో కోడ్ రాసే భాష) సోర్సు మొత్తం తీసేసి కంపైలైన రూపం మాత్రం ఉంచుతుంది. ఫారాలు, రిపోర్టులు, మాడ్యూళ్లు డిజైన్‌లో తెరుచుకోవు, ఇంకో ఫైల్లోకి ఇంపోర్టూ కావు. మనం రాసుకునే మామూలు యాక్సెస్ ఫైలు ఏసీసీడీబీకి విబిఏ పాస్‌వర్డ్ పెట్టి ఇచ్చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, దాన్ని ఊడదీయడం నిమిషాల పని. ఏసీసీడీఆర్ (డిజైన్ కనిపించకుండా తెరుచుకునే రకం) అయితే మరీ అన్యాయం. అది ఎక్స్‌టెన్షన్ పేరే తప్ప తాళం కాదు, చివరి అక్షరం మార్చి ఏసీసీడీబీ చేస్తే అంతా బయటపడుతుంది.

2014లో ఒక కోల్డ్ స్టోరేజీకి డెమో ఇవ్వడానికి వెళ్తే వాళ్లు ‘మాకు ఆల్రెడీ ఉందండీ’ అని బిల్లు చూపించారు. లాట్ నంబర్, టిక్కీలు (మిర్చి బస్తాలు), సీజన్ అద్దె, హమాలీ, రైతు తీసుకున్న అప్పు మీద వడ్డీ, అన్నీ నా వరసలోనే ఉన్నాయి. సరే, ఎవరు రాసినా ఇంచుమించు ఇలాగే ఉంటుందిలే అనుకుంటూ వడ్డీ కూడి చూశాను. గడువు చివరి రోజును రెండుసార్లు లెక్కేసే నా పాత తప్పు అక్కడ పువ్వులా కూర్చుని ఉంది! అప్పటికి అది తప్పని నాకొక్కడికే తెలుసు, సరిచేద్దాంలే అని వాయిదా వేస్తున్నాను.

ఎవరు చేశారో పక్కన పెడదాం. ఎలా చేశారో చూస్తే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఫైలు తెరిచేటప్పుడు షిఫ్ట్ నొక్కి పట్టుకుంటే స్టార్టప్ సెట్టింగులన్నీ పక్కకి పోయి ఆబ్జెక్టుల లిస్టు ముందుకొస్తుంది. ఏసీసీడీఈలో టేబుళ్లు, క్వెరీలు (టేబుళ్ల నుంచి డేటా తీసి లెక్కగట్టే ఆదేశాలు), మాక్రోలు మామూలుగానే తెరుచుకుంటాయి, ఇంపోర్ట్ అవుతాయి. నా వడ్డీ, అద్దె లెక్కలన్నీ క్వెరీల్లోనే ఉండేవి. ఫారాలు మళ్లీ గీసుకుంటే చాలు, మెదడంతా నేనే పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టయింది.

తర్వాత ‘ఎలౌ బైపాస్ కీ’ ప్రాపర్టీని ఫాల్స్ చేసి షిఫ్ట్ మూసేశాను. వారం సంతోషం. తర్వాత తెలిసిందేమిటంటే ఇంకో డేటాబేస్ నుంచి నాలుగు లైన్ల డీఏఓ (కోడ్‌తో డేటాబేస్‌ని తెరిచి మార్చే లైబ్రరీ) కోడ్‌తో దాన్ని మళ్లీ ట్రూ చేసేయొచ్చు. అప్పుడు లెక్కల సూత్రాలన్నీ క్వెరీల్లోంచి పీకి విబిఏ ఫంక్షన్లలో పెట్టాను, ఇప్పుడు క్వెరీ తెరిచినా ఫంక్షన్ పేరే కనిపిస్తుంది. దీనికి మూల్యం ఉంది, వేల వరుసలున్న సీజన్ ముగింపు రిపోర్టు ముందుకంటే బాగా నెమ్మదిగా వస్తుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఫారానికి డేటా ఎక్కడి నుంచి రావాలో చెప్పే రికార్డ్ సోర్సులో నేరుగా ఎస్‌క్యూఎల్ (క్వెరీలు రాసే భాష) రాస్తే యాక్సెస్ దాన్ని దాచిన క్వెరీగా ఫైల్లోనే భద్రం చేస్తుంది, వెతికేవాడికి అది దొరుకుతుంది. అందుకే ముఖ్యమైన ఫారాలకు రికార్డ్ సోర్సు ఖాళీగా ఉంచి, ఓపెన్ ఈవెంట్‌లో కోడ్‌తో ఇస్తున్నాను.

టేబుళ్లు విడిగా ఉండే డేటా ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టాం కదా అంటారా? యాక్సెస్ 2010 నుంచి ఎన్‌క్రిప్షన్ గట్టిదే. కానీ ప్రోగ్రాం ఫైల్లో లింక్ చేసిన టేబుల్ కనెక్ట్ ప్రాపర్టీలో ఆ పాస్‌వర్డ్ తేటతెల్లంగా రాసి ఉంటుంది. బీరువాకి తాళం వేసి చెవి దానికే వేలాడదీసినట్టు.

నిజం చెప్పాలంటే దొంగలకంటే నన్ను ఎక్కువ ఏడిపించింది 32, 64 బిట్ గొడవ. 32 బిట్ ఆఫీసులో చేసిన ఏసీసీడీఈ 64 బిట్‌లో తెరుచుకోదు. ఆఫీస్ 2019 నుంచి మామూలుగా 64 బిట్టే పడుతుంది. సరుకు లారీల్లో వచ్చి పడే మార్చి నెలలో ఒక క్లయింట్ కొత్త కంప్యూటర్ కొని ఫోన్ చేస్తే గేటు దగ్గర లారీల క్యూ, ఇటు నేను విండోస్ ఫంక్షన్లను పిలిచే ఏపీఐ డిక్లేర్ లైన్లన్నిటికీ 64 బిట్‌కి కావాల్సిన పీటీఆర్‌సేఫ్ అనే మాట తగిలిస్తూ కూర్చున్నాను. ఆ రోజు టెన్షన్ ఇంకా గుర్తుంది. ఇప్పుడు ప్రతి వెర్షన్ రెండు మెషీన్ల మీద రెండుసార్లు తయారవుతుంది.

ఒరిజినల్ ఏసీసీడీబీ మాత్రం పోగొట్టుకోవద్దు, వెనక్కి మార్చే బటన్ లేదు. నా హార్డ్ డిస్క్ పోయినప్పుడు మూడు నెలల మార్పులు మళ్లీ రాసుకున్నాను. ఏసీసీడీఈ నుంచి కోడ్ రాబట్టి ఇస్తామనే సర్వీసులు విదేశాల్లో ఉన్నాయి, అంటే పట్టుబట్టి డబ్బు పెట్టేవాణ్ణి ఇది ఆపదు. మన ప్రోగ్రాం ధరకి అంత ఖర్చు పెట్టేవాడు రాడనే లెక్క మీద నేను నడుస్తున్నాను.

ఐదుకి మూడున్నర ఇస్తాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు లెక్కల్ని మొదటి రోజు నుంచే ఫంక్షన్లలో రాసుకోండి. చివరి రోజు తప్పుని నేను 2015లో సరిచేశాను. ఆ కాపీ ప్రోగ్రాం వాడేవాళ్లకి మొన్నటి సీజన్‌లో కూడా వడ్డీ ఒక రోజు ఎక్కువే పడుతోందట.