రూమ్ హీటర్ కోసం పాత ప్లగ్గులు మార్పించినం, పని ఎట్లుందంటే

ఆదిలాబాద్ చలి తెలిసిందే కదా, డిసెంబర్ వచ్చిందంటే మా అమ్మ హీటర్ ముందు నుంచి లేవదు. ఇల్లేమో నాయిన కట్టించిన పాతది, చెక్క బోర్డు, నల్ల బేకలైట్ స్విచ్చులు, హీటర్ పెట్టిన గంటకే ప్లగ్గు వేడెక్కి కాలిన వాసన, ఒకసారైతే పిన్ను సాకెట్‌ల అతుక్కపోయింది. తప్పు మాదే లెండి, 2000 వాట్ల హీటర్ అంటే 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంప్స్ లాగుతది, దాన్ని అడాప్టర్ పెట్టి 6 ఆంప్స్ సాకెట్‌కి తగిలించినం 😅

మా గల్లీ చివర ఎలక్ట్రికల్ షాపాయన ఒక కరెంటాయన్ని పంపిండు. వచ్చుడు వచ్చుడే బోర్డు విప్పి, "అన్నా సాకెట్ ఒక్కటే మారిస్తే లాభం లేదు, లోపల వైరు సన్నగుంది, ఎర్తింగ్ అసలే లేదు" అన్నడు. నాకు మొదలు బిల్లు పెంచనీకి అంటుండనుకున్న, కానీ వైరు పైపొర చేత్తో పట్టుకుంటేనే పెచ్చులు రాలుతుంటే నమ్మక తప్పలే. మెయిన్ నుంచి విడిగా 4 ఎంఎం రాగి వైరు, 16 ఆంప్స్ సాకెట్, దానికో ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే దానంతటదే కరెంటు ఆపేసే స్విచ్చు), ఎర్తింగ్ కూడా కొత్తగ.

మొత్తం 6,200 అయింది. చెప్పిన రోజు కాకుండ రెండ్రోజులకొచ్చిండు, గోడకు కొట్టిన గాడి అట్లనే వదిలేసి పోయిండు, సిమెంట్ మేమే పెట్టుకున్నం. అందుకే 5కి 4. హీటర్ రాత్రంతా నడిచినా ప్లగ్గు గోరువెచ్చగ కూడా కాలే, వచ్చే వారం గీజర్ పాయింట్‌కి మళ్ల ఆయన్నే పిలుస్తున్న.