మారుతి 800: మొదటి కారుగా, మార్చుకునే కారుగా

నా మొదటి కారు మారుతి 800, సెకండ్‌హ్యాండ్, చోక్ లాగి స్టార్ట్ చేసే కార్బురేటర్ మోడల్. ఇప్పుడు ఎవరైనా పాత 800 తీసుకుని సరదాగా తనకి నచ్చినట్టు మార్పులు (మాడిఫికేషన్లు) చేసుకుందామని చూస్తుంటే వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా. ముందే చెప్తున్నా, ఈ కారు విషయంలో నాకు పక్షపాతం చాలానే ఉంది.

1983 డిసెంబరులో రోడ్డెక్కి 2014 జనవరి దాకా తయారైన బండి కాబట్టి దీని పని తెలియని మెకానిక్ దొరకడం కష్టం. ఇంజిన్ 796 సీసీ, మూడు సిలిండర్లు. బానెట్ ఎత్తితే ప్లగ్గులు, డిస్ట్రిబ్యూటర్, ఎయిర్ ఫిల్టరు అన్నీ కళ్లెదురుగా, చేతికందేలా ఉంటాయి. 10, 12, 14 నంబరు స్పానర్లు ఉంటే చాలా పనులు మనమే చేసుకోవచ్చు. కారు ఎలా పనిచేస్తుందో నాకు అర్థమైంది దీని బానెట్ కింద తల పెట్టాకే, ఇప్పటి కార్లలో పైన ప్లాస్టిక్ కవరు తప్ప ఏం కనిపిస్తుంది చెప్పండి!

నేను చేసిన మార్పుల్లో అన్నిటికన్నా లాభించింది హెడ్‌లైట్ రిలే కిట్ (రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్). రెండు 60 వాట్ల బల్బులు వెలగాలంటే 12 వోల్టుల మీద 10 ఆంపియర్లు కావాలి, ఆ కరెంటంతా సన్నటి పాత వైర్లలోంచి, స్టీరింగ్ పక్కనున్న స్విచ్‌లోంచి చుట్టూ తిరిగి వచ్చేసరికి దారిలోనే వోల్టేజీ పడిపోయి లైటు పచ్చగా, నీరసంగా ఉంటుంది. రిలే పెడితే స్విచ్ పని రిలేని ఆన్ చేయడం వరకే, బల్బుకి మాత్రం బ్యాటరీ నుంచి లావు వైరులో, మధ్యలో ఫ్యూజుతో, నేరుగా కరెంటు వస్తుంది. అదే బల్బు, అదే అద్దం, కానీ ఆ రాత్రి ఎదురుగోడ మీద పడ్డ వెలుగు చూసి నేనే నమ్మలేదు. షాపువాళ్లు 100/90 వాట్ల బల్బులు అంటగట్టాలని చూస్తారు, వద్దు. ఆ వేడికి హోల్డర్ కరుగుతుంది, ఎదుటివాడి కళ్లూ పోతాయి.

తర్వాత తలుపులు. రేకు పలచన, వేస్తే ఠంగుమంటుంది. లోపలి ప్యాడ్ ఊడదీసి, రేకుని శుభ్రంగా తుడిచి డ్యాంపింగ్ షీట్లు (రేకు అదురు తగ్గించే అంటుకునే షీట్లు) రోలర్‌తో గట్టిగా అంటించాను. ఇప్పుడు ఢబ్ మని పడుతుంది. దాంతో తలుపుల్లో పెట్టిన మామూలు స్పీకర్లే బాగా పలికాయి, ఆంప్లిఫయర్ జోలికే పోలేదు.

చక్రాల దగ్గర కాస్త లెక్క చూసుకోవాలి. కంపెనీ సైజు 145/70 ఆర్12, అంటే టైరు వెడల్పు 145 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ము 12 అంగుళాలు. చాలామంది 13 అంగుళాల అల్లాయ్ వీల్స్ వేసి 155/65 టైర్లు ఎక్కిస్తారు, చూడ్డానికి భలే ఉంటుంది, నేనూ వేశాను. కానీ టైరు చుట్టుకొలత దాదాపు 5 శాతం పెరుగుతుంది, అంటే మీటరు 60 చూపిస్తుంటే మీరు 63కి దగ్గర్లో పోతుంటారు, పైగా 40 హార్స్‌పవర్ కూడా లేని ఇంజిన్ కదా, ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ తగ్గిన సంగతి కాలికి తెలుస్తుంది. పవర్ స్టీరింగ్ లేకపోవడంతో పార్కింగ్‌లో భుజాలకి మంచి ఎక్సర్‌సైజు. అందం కోసం ఇంత ఒప్పుకుంటారా లేదా మీ ఇష్టం. నేను ఒప్పుకున్నాను.

గోల చేసే సైలెన్సరు మాత్రం శుద్ధ దండగ. శబ్దం పెరుగుతుంది, స్పీడు పెరగదు, పోలీసులు ఆపడం ఖాయం. రంగు మార్చినా, ఇంజిన్ మార్చినా ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండి మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 చదువుకున్నాకే పెద్ద పనులకి దిగండి.

కొనేటప్పుడు పెయింటు మెరుపు చూసి పడిపోవద్దు. మ్యాట్లు ఎత్తి ఫ్లోరు చూడండి, డిక్కీలో స్టెప్నీ తీసి దాని కింద వేలితో నొక్కి చూడండి. ఇంజిన్ ఎంత పాడైనా బాగు చేయించుకోవచ్చు గానీ, రేకు తుప్పు పట్టి పొరలుగా రాలుతుంటే ఆ బండి ఎంత చవగ్గా ఇచ్చినా వదిలేయండి.