బీటీఎస్ జపనీస్ ఆల్బమ్: ఎ, బి, సి, రెగ్యులర్‌లలో ఏది మేలు?

కొరియన్ పాప్ బృందం బీటీఎస్ ఆల్బమ్ ‘బీటీఎస్, ద బెస్ట్’ తెప్పించుకోవాలనుకునే ఆర్మీలు (బీటీఎస్ అభిమానులు) అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఏ ఎడిషన్ తీసుకోవాలి? 2021 జూన్ 16న జపాన్‌లో విడుదలైన ఈ ఆల్బమ్‌లో రెండు సీడీలు, 23 పాటలు. ఏ ఎడిషన్ కొన్నా పాటలు అవే. లిమిటెడ్ ఎడిషన్ ఎ తీసుకుంటే బ్లూరే, బి అయితే రెండు డీవీడీలు, సి అయితే ఫొటోబుక్ అదనంగా వస్తాయి. రెగ్యులర్‌లో సీడీలే. అంటే తేడా అంతా ఆ అదనపు వస్తువులోనే ఉంది.

చాలామంది కవర్ ఫొటో చూసి, ఫొటోకార్డు (ఆల్బమ్‌తో వచ్చే సభ్యుల చిన్న ఫొటో) లెక్కలు వేసుకుని ఆర్డర్ పెట్టేస్తారు. నా దృష్టిలో ముందు తేల్చుకోవాల్సింది రీజియన్ కోడ్, అంటే డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడాలో చెప్పే గుర్తు. ఆడియో సీడీకి ఆ గొడవ లేదు, ఎక్కడైనా పాడుతుంది. వీడియో డిస్కు అలా కాదు. డీవీడీల్లో జపాన్‌ది రీజియన్ 2, మనది 5. బ్లూరేలో జపాన్‌ది జోన్ ఎ, మనది జోన్ సి (ఎడిషన్ల ఎ, సి లకూ వీటికీ సంబంధం లేదు). కాబట్టి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొన్న మామూలు ప్లేయర్‌లో కోడ్ ఉన్న జపాన్ డిస్కు పెడితే, తెర మీద రీజియన్ తప్పని సందేశం వచ్చి ఆగిపోతుంది. ఇక్కడి ప్లేస్టేషన్‌లోనూ అంతే.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు లెక్క మారుతుంది. అమెరికా బ్లూరేకి ఎ జోన్, డీవీడీకి రీజియన్ 1. డాలస్‌లో ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని ఎ ఎడిషన్ తీసుకోవచ్చు, బి మాత్రం ఆడకపోవచ్చు. లండన్, దుబాయ్‌లలో దీనికి సరిగ్గా తిరగబడుతుంది: అక్కడ డీవీడీ రీజియన్ 2 కనుక బి ఎడిషన్ ఆడుతుంది, బ్లూరే జోన్ బి కనుక ఎ ఎడిషన్ మొరాయించవచ్చు. సింగపూర్‌లో బ్లూరే జోన్ ఎ, ఇబ్బంది లేదు. కొనేముందు వెనక అట్ట ఫొటో పంపమని అమ్మేవాళ్లను అడగండి. చిన్న భూగోళం గుర్తులో ‘2’ అని ఉంటే అది డీవీడీ రీజియన్, ‘ఆల్’ అని ఉంటే బెంగ లేదు. బ్లూరే అయితే ‘ఎ’ అనే అక్షరం వేసి ఉంటుంది.

లాప్‌టాప్‌లో చూద్దామనుకుంటే ఇంకో మెలిక. యూఎస్‌బీ డీవీడీ రైటర్ బ్లూరేను అసలు చదవలేదు, దానికి బ్లూరే డ్రైవ్, డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్ రెండూ కావాలి. డీవీడీ డ్రైవ్‌లో రీజియన్ మార్చుకోవచ్చు గానీ అయిదుసార్లే. అయిదోసారి ఏది పెడితే అక్కడే బిగుసుకుపోతుంది. పాత సినిమా డిస్కులు ఇంకా చూసే ఇల్లయితే ఆ డ్రైవ్‌ను ముట్టుకోకండి, జపాన్ డిస్కుల కోసం వేరేది పెట్టుకోండి.

ఇక నాణ్యత. డీవీడీ బొమ్మ 720×480, బ్లూరే 1920×1080. పెద్ద టీవీ మీద డ్యాన్స్ చూస్తుంటే ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వేగంగా కదిలేటప్పుడు డీవీడీలో చేతులు, జుట్టు అంచులు అలుక్కుపోతాయి. యూట్యూబ్‌లోనే అంతకంటే స్పష్టంగా మ్యూజిక్ వీడియోలు దొరుకుతుంటే బి కి డబ్బు పెట్టమని నేను చెప్పను. ఇలాంటి డిస్కుల్లో సబ్‌టైటిల్స్ సాధారణంగా జపనీస్‌లోనే ఉంటాయి. మేకింగ్ వీడియోలో సభ్యులు మాట్లాడేది కొరియన్, కింద రాసేది జపనీస్. రెండూ రానివాళ్లు ఇది కూడా లెక్కలో వేసుకోవాలి.

అందుకే ఇండియాలో ఉన్నవాళ్లకు నా ఓటు సి కే. ఫొటోబుక్‌కు ప్లేయర్ అక్కర్లేదు, పదేళ్ల తర్వాత కూడా తెరిచి చూసుకోవచ్చు. చిక్కల్లా బరువే. అంతర్జాతీయ షిప్పింగ్ బరువును బట్టి పడుతుంది, కస్టమ్స్ సుంకం వేసేది కూడా వస్తువు ధరకు షిప్పింగ్ కలిపిన మొత్తం మీద. దారిలో ముందుగా నలిగేది మూలలే కాబట్టి అట్టపెట్టెలో, నాలుగు మూలలకూ బబుల్ ర్యాప్ చుట్టి పంపమని ముందే చెప్పండి. మల్టీ రీజియన్ బ్లూరే ప్లేయర్ ఇంట్లో ఉంటే మాత్రం సి కంటే ఎ మేలు.

రెగ్యులర్ ఎడిషన్ అయితే పాటలు చాలనుకునేవాళ్లకు, తక్కువ ఖర్చులో షెల్ఫ్ మీద ఒకటి ఉండాలనుకునేవాళ్లకు. ఫ్యాన్‌క్లబ్ ఎడిషన్ జపాన్ సభ్యత్వం ఉన్నవాళ్ల వ్యవహారం. ఆల్బమ్‌తో వచ్చే సీరియల్ కోడ్ పెట్టి పాల్గొనే లాటరీలకు సాధారణంగా జపాన్ చిరునామా కావాలి, దానికోసం ఎక్కువ కాపీలు కొనకండి.

ఇప్పుడు కొనేవాళ్లు ఎక్కువగా సెకండ్‌హ్యాండ్ వైపే వెళ్తారు. మొదటి ప్రెస్‌తో (మొదటి విడత కాపీలతో) ఇచ్చే ఫొటోకార్డులను విడిగా అమ్ముకుని మిగతాది అమ్మకానికి పెట్టేవాళ్లు చాలామంది. పెట్టె పక్కన చుట్టి ఉండే కాగితపు పట్టీ (జపాన్‌లో ఓబీ అంటారు) ఉందా, ఫొటోబుక్ పేజీలు ఊడాయా, డిస్కుల మీద గీతలున్నాయా అని మూడూ విడివిడిగా అడగండి. ‘కండిషన్ బాగుంది’ అన్న ఒక్క మాటకు సరిపెట్టుకోకుండా డబ్బు పంపేముందే ఫొటోలు తెప్పించుకోండి.