మ్యూజ్ 2 హెడ్‌బ్యాండ్: చదివి అలిసిన మెదడును ఎంతవరకు పట్టిస్తుంది?

మెదడు విద్యుత్ తరంగాలను (ఈఈజీ) పట్టే ఈ బ్యాండ్ ధ్యానం చేసేవాళ్ల కోసం వచ్చింది. విద్యార్థుల మానసిక అలసట కొలవడానికి కొనేముందు సెన్సర్లు ఎక్కడ ఆనుతాయో చూడాలి. నుదుటి మీద ఏఎఫ్7, ఏఎఫ్8, చెవుల వెనక టీపీ9, టీపీ10 (ఇవి తల మీద సెన్సర్ చోట్లకు పెట్టిన ప్రామాణిక పేర్లు). అంతే. అలసటతో పెరిగే థీటా తరంగాలు, అంటే 4–8 హెర్ట్జ్‌వి, బాగా తెలిసేది నుదుటికి పైన, తల మధ్యరేఖ మీద ఉండే ఎఫ్‌జెడ్ అనే చోట. అక్కడ దీనికి సెన్సరే లేదు.

యాప్ ఇచ్చే ప్రశాంతత స్కోరు ఈ పనికి అక్కరకు రాదు. సెకనుకు 256 శాంపిళ్ల చొప్పున వచ్చే ముడి డేటా కావాలి. దానికి మైండ్ మానిటర్ లాంటి వేరే యాప్ వేసుకోవాల్సిందే.

పెట్టేముందు నుదురూ చెవుల వెనకా తడిగుడ్డతో తుడవాలి. చర్మం పొడిగా ఉన్నా, చెవి వెనక నాలుగు వెంట్రుకలు అడ్డుపడ్డా సిగ్నల్ నిలవదు. కళ్లజోడుంటే ముందు బ్యాండ్, తర్వాత కళ్లజోడు. ఆపైన కళ్లు తెరిచి 2 నిమిషాలు, మూసి 2 నిమిషాలు రికార్డు చేయాలి. కళ్లు మూయగానే చాలామందిలో చెవి సెన్సర్ల దగ్గర ఆల్ఫా, అంటే 8–13 హెర్ట్జ్, ఎగబాకుతుంది. కదలిక లేదంటే ముందు బ్యాండ్‌నే అనుమానించండి.

అసలు చిక్కంతా రెప్పపాటుతోనే. మెదడు సిగ్నల్ పదుల మైక్రోవోల్టుల్లో ఉంటే, ఒక్క రెప్పపాటు నుదుటి సెన్సర్‌లో 100 దాటిపోతుంది. అందులో ఎక్కువ భాగం డెల్టాలో, అంటే 4 హెర్ట్జ్ లోపు తరంగాల్లో, పడ్డా, కొంత థీటాలోకీ చిందుతుంది. అలిసిన కళ్లు ఎక్కువసార్లు రెప్ప వేస్తాయి కనుక కళ్ల అలసటే మెదడు అలసట వేషం కట్టి వస్తుంది. డేటాను 2 సెకన్ల ముక్కలుగా కోసి, ±100 మైక్రోవోల్టులు దాటినవి తీసిపారేయాలి.

పెన్ను కొరికే అలవాటు దీనికి సరిగ్గా ఎదురు. దవడ కండరాల రొద బీటాలో, అంటే 13–30 హెర్ట్జ్ తరంగాల్లో, కలిసి దాన్ని పెంచేస్తుంది. థీటా, ఆల్ఫా కలిపి బీటాతో భాగిస్తే వచ్చే అలసట సూచిక పడిపోయి, నీరసపడ్డ కుర్రాడు హుషారుగా ఉన్నట్టు తేలుతుంది.

ఈ సూచికతో ఇద్దరు విద్యార్థులను పోల్చకండి. పుర్రె మందం, వయసు, బ్యాండ్ కూర్చున్న తీరు, అన్నీ అంకెను మారుస్తాయి. ఒకే విద్యార్థిని చదువుకు ముందు, తర్వాత చూస్తేనే ఉపయోగం. పక్కన 10 నిమిషాల పీవీటీ (తెర మీద గుర్తు కనబడగానే ఎంత త్వరగా నొక్కుతారో చూసే) రియాక్షన్ పరీక్ష పెట్టి, 500 మిల్లీసెకన్లు దాటిన జవాబులు పెరిగాయేమో లెక్కపెట్టండి. ముందురాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో కూడా రాసుకోండి. నిద్రమత్తు సైతం థీటాను పెంచుతుంది, ఆ తేడా ఈ నాలుగు సెన్సర్లు చెప్పలేవు.