నాట్య వేదిక ముందు ఐఎస్ఓ 100 పెట్టాలా, 3200 పెట్టాలా?

కూచిపూడి ప్రదర్శన ఫొటోలు తీస్తున్నాం, లెన్స్ ఎఫ్ 2.8 దగ్గర పూర్తిగా తెరిచే ఉంది అనుకుందాం. ఐఎస్ఓ అంటే అందిన వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె. ఐఎస్ఓ 100లో సరైన వెలుగు రావాలంటే షట్టర్ 1/8 సెకను తెరుచుకోవాలి అనుకుంటే, 3200లో 1/250 సరిపోతుంది. తేడా ఐదు స్టాప్‌లు; ఒక్కో స్టాప్‌కీ ఐఎస్ఓ రెట్టింపై, సమయం సగమవుతుంది.

100లో రంగులు నిండుగా, నీడలు శుభ్రంగా వస్తాయి. వేదిక అలంకరణ, నటరాజ విగ్రహం తీయడానికి ట్రైపాడ్ వేసి ఇదే వాడండి. కానీ నర్తకి కదిలితే ట్రైపాడ్ ఏమీ చేయలేదు. ముద్ర పట్టిన వేళ్లు చెదిరిపోతాయి, గజ్జెలు గీతల్లా సాగిపోతాయి.

3200లో నల్లని తెర మీద చుక్కల్లాంటి నాయిస్ కనిపిస్తుంది, నిజమే. దానికి అసలు కారణం సెన్సర్‌కి అందిన వెలుగు తక్కువ కావడం. అందుకే అదే షట్టర్‌తో 800లో చీకటిగా తీసి, తర్వాత కంప్యూటర్‌లో వెలుగు పెంచినా నాయిస్ తగ్గదు. చాలా కెమెరాల్లో ఇంకా పెరుగుతుంది. ఒక్క జాగ్రత్త: లైటు నేరుగా పడే జరీ అంచు త్వరగా తెల్లగా పాలిపోతుంది, దాన్ని గమనిస్తూ ఉండాలి.

నృత్యానికి నా ఓటు 3200కే. తరంగంలో ఇత్తడి పళ్లెం మీద నర్తకి క్షణం నిలిచే భంగిమలకైతే 1/125 చాలు, అప్పుడు 1600కు దించుతాను.