మేకపిల్లల్ని తూయడానికి కొన్న కొక్కెం కాటా, మూడు నెలలు వాడాక

మాది గజపతినగరం దగ్గర ఊరు, ఐదు మేకలున్నాయి. సంక్రాంతి ముందు విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక షాపులో 50 కేజీల దాకా తూసే డిజిటల్ కొక్కెం కాటా కొన్నాను, 650 అయింది. పిల్లని గోనె సంచిలో కూర్చోబెట్టి కొక్కేనికి తగిలించడమే, కాకపోతే ముందు ఖాళీ సంచి తగిలించి టేర్ (అంకెని సున్నా చేసే బటన్) నొక్కాలి, మర్చిపోతే సంచి బరువు కూడా పిల్ల లెక్కలోకి వచ్చేస్తాది.

ఈ కాటా విలువ నాకెప్పుడు తెలిసిందంటే, మా మేక కవల పిల్లల్ని ఈనింది, ఒకటి నల్లది, ఒకటి మచ్చలది. ప్రతి ఆదివారం తూసి, జాకెట్టు కొలతల టేపుతో కొమ్ములొచ్చే చోటు నుంచి ముక్కు దాకా కొలిచి క్యాలెండర్ మీద రాసేదాన్ని. నాలుగో వారానికి నల్లది 4 కేజీలు, మచ్చలది 2.4 దగ్గరే ఆగిపోయింది, కానీ దాని తల మాత్రం ఆ వారం కూడా అర సెంటీమీటరు పెరిగింది! మా అత్తయ్యైతే మొహం చూసి "బాగానే తేరుకుందే" అన్నారు, కాటా లేకపోతే నేనూ అదే అనుకునేదాన్ని.

పశువుల డాక్టరుగారికి చూపిస్తే "తలకాయ చూసి మోసపోకమ్మా, తిండి చాలకపోయినా మెదడుకి దాని వాటా ముందు అందుద్ది" అన్నారు. కడుపులో ఉన్నప్పుడే మెదడు గబగబా పెరుగుతాది, దాన్ని కప్పే పుర్రె కూడా దానితోపాటే, అందుకే ఏ పిల్లకైనా పుట్టగానే ఒంటికి మించిన తల ఉంటాది, ఒళ్లు తర్వాత అందుకుంటాది. 1930ల్లో కేంబ్రిడ్జ్‌లో జాన్ హేమండ్ అనే శాస్త్రవేత్త గొర్రెల మీద చూపించింది కూడా ఇదే, ముందు మెదడు, తర్వాత ఎముక, తర్వాత కండ, ఆఖర్న కొవ్వు. మచ్చలదాని బొచ్చులోకి వేళ్లు పెట్టి వీపు తడిమితే వెన్నుపూసలు దువ్వెన పళ్లలా తగిలాయి, ప్రాణం ఉసూరుమంది. తల్లికి ఒక రొమ్ములో పాలు రావట్లేదు. రోజుకి నాలుగుసార్లు సీసాతో పట్టాను, రెండు వారాల్లో 3.6 అయింది.

లోపాలు చెప్పాలంటే, పిల్ల తన్నుకుంటే అంకె నిలవదు, హోల్డ్ (అంకెని ఆపి ఉంచేది) తప్పు అంకె దగ్గర పట్టేస్తాది, మూడుసార్లు తూసి మధ్యది రాసుకుంటున్నాను. బ్యాటరీ మూత వదులు. పెద్ద మేకల్ని ఎత్తలేం, వాటికి ఛాతీ చుట్టుకొలత టేపే మేలు. నాలుగు స్టార్లు ఇస్తాను. కొన్నవాళ్లు పొద్దున్నే పాలు తాగకముందే తూయండి, తాగాక తూస్తే మా మచ్చలదే 200 గ్రాములు ఎక్కువ చూపించింది.